సర్వర్ రూములో పొద మొక్క

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మా ఆవిడ అంటుంది. అనదూ మరి! ఏడాది పొడుగునా ఉక్కపోసే సింగపూరులో ఒక జపాన్ పొద మొక్క ఆకుల్ని ఎర్రగా మార్చి చూపిస్తానని పంతం పట్టాను.

కారణముంది. పెళ్ళికి ముందు ఆమెకు జపాన్‌లో వృక్షశాస్త్ర పరిశోధనకు సీటొచ్చింది. ఆకురాలు కాలంలో ఆకులెలా ఎర్రబడతాయన్నదే విషయం. నాకిక్కడ కంప్యూటర్ ఉద్యోగం రావడంతో సీటు వదులుకుని వచ్చేసింది. "ఆ ఎర్రాకులేవో నేనే చూపిస్తాలే" అని గొప్పగా అనేశాను.

మొక్క అమ్మిన చైనా ఆంటీ నవ్వింది. "పగలు ఎండ కావాలి, రాత్రి చలి కావాలి, ఎరువు తగ్గించాలి. ఇక్కడ చలి ఎక్కడ్నించి తెస్తావు లా!" అంది, మాట చివర 'లా' తగిలించే సింగపూరు యాసలో.

ఆ చదువు చదివిన మనిషి ఇంట్లోనే ఉన్నా అడగలేదు. అదీ నా తెలివి.

చలి మా రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో ఉంది. సర్వర్ రూములో ఏసీ ఎప్పుడూ వణికిస్తుంది. ఆ గది చూసే మిత్రుణ్ణి బతిమాలాను. "బాస్ అడిగితే వై-టూ-కే మొక్కని చెప్తాలే" అన్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయం రోజులవి, ఆ పేరు చెబితే ఏ బాసూ కాదనడు. పగలు కిటికీ దగ్గర ఎండలో, సాయంత్రం నుంచి సర్వర్ల పక్కన. శుక్రవారం కుండీని సంచిలో పెట్టుకుని రైల్లో జురాంగ్ ఈస్ట్‌లోని మా ఫ్లాట్‌కు తెచ్చేవాణ్ణి, సోమవారం మళ్ళీ మోసుకెళ్ళేవాణ్ణి. మూడు నెలలు గడిచినా ఒక్క ఆకూ ఎర్రబడలేదు. పైగా నవనవలాడుతూ ఇంకా పచ్చబడింది. అయినా వదల్లేదు.

ఒక శనివారం కూరగాయలు కొనుక్కుని తొందరగా వచ్చాను. కారిడార్లో మా ఆవిడ మగ్గులో ఏదో కలిపి మొక్కకు పోస్తోంది.

"ఏంటే అది?"

"యూరియా."

"యూరియా వేస్తే ఎర్రబడదని తెలీదూ?"

"తెలుసండీ. అందుకే ప్రతి వారం పోస్తున్నా."

ఒళ్ళు మండిపోయింది. నా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరయిందని అరిచాను. అంతా విని, మగ్గు కింద పెట్టింది.

"ఇది ఎర్రబడితే మీరన్న మాట తీరిపోతుంది. ఇంక నా సీటు సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాకు ఆకులొద్దండీ. నన్ను వెళ్ళి చదువుకోనివ్వండి."

రెండేళ్ళుగా ఆమె అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకున్నాను. చాలా సిగ్గేసింది. ఆ రెండు రోజులూ ఇద్దరం కూర్చుని దరఖాస్తు నింపాం.

సోమవారం సంచిలో కుండీ బదులు ఆమె సర్టిఫికెట్లు పెట్టుకున్నాను. జిరాక్సులు తీయించి, కవరు మీద జపాన్ అడ్రసు నేనే రాసి పోస్టు చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కారిడార్లో మొక్క పక్కనే మా ఆవిడ నిలబడి ఉంది.

"పంపారా?"

"పంపాను."

యూరియా డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. "పారేసి రండి. ఇంక ఎర్రబడితే ఎర్రబడనివ్వండి."