కంపెనీ ఫిట్టింగు రేడియో

మా మావయ్య పోయిన నెలలో ఒక మంగళవారం తెల్లవారాక, కరెంటు వచ్చే వేళకి కాస్త ముందు పోయాడు. రంగూన్‌లో అందరం కరెంటు కోసం ఎదురుచూస్తూ బతుకుతున్నాం కదా, ఆయన ఒక్కడే ఎదురుచూడలేదు. అత్త టీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదు. డాక్టరొచ్చి గుండె అన్నాడు.

మన గుడి పత్రికవాళ్ళు నాకు ఒక పేజీ ఇచ్చి, "మర్యాదగా రాయి బాబూ, నీ వేళాకోళాలు వద్దు" అన్నారు. కనుక మిక్కిలి మర్యాదగా మొదలుపెడుతున్నాను. కీర్తిశేషులైన మా మావయ్యగారికి ఒక కారు ఉండేది. అది నలభై ఏళ్ళుగా అంగుళం కదల్లేదు.

యాభైల నాటి అమెరికా బండి. మావయ్య తండ్రి ఒక తెలుగు షావుకారు దగ్గర డ్రైవరు. షావుకారు ఇండియా వెళ్ళిపోతూ, బండిని ఓడెక్కించలేక, తాళాలు డ్రైవరు చేతిలో పెట్టాడు. తర్వాత బోటాటౌంగ్ పేటలో మావయ్య ఇంటికి రెండు పక్కలా బిల్డింగులు లేచాయి. బండి ఉన్న షెడ్డు వాకిట్లోకి పక్కవాళ్ళ మెట్లు వచ్చేశాయి. బండిని ఎవరూ పనిగట్టుకుని బంధించలేదు. దాని చుట్టూ ఊరు కట్టుకుంటూ పోయారు, అంతే. ఇప్పుడది ముక్కు గోడకి ఆనించి నిలబడి ఉంది. ఆ గోడ పగలగొడితే అవతల సందు, సందు దాటితే రోడ్డు.

బండి కదలదు గానీ, మావయ్య ఛార్జి చేసి పెట్టిన బ్యాటరీ మీద దాని రేడియో మోగుతుంది.

నేను అక్కడికి పదిరోజుల కోసం వచ్చాను. నా వయసు మగపిల్లలకి సైన్యం నుంచి పిలుపు కాగితాలు వస్తున్న రోజులు. ఊరి చివర ఇన్సేన్‌లో మా వీధిలో పేర్లు రాసుకుంటున్నారని తెలిసి, అమ్మ నన్ను తన అన్న ఇంటికి పంపింది. పదిరోజులు రెండేళ్ళయ్యాయి. కాలేజీలో ఫిజిక్సు చదివిన నేను ఈ రెండేళ్ళలో చేసిన అతి పెద్ద ప్రయాణం వంటింటి నుంచి షెడ్డు దాకా. అందుకే ఈ వ్యాసం కింద నా పేరుండదు. సంపాదకులు మన్నించాలి.

రోజూ పొద్దు వాలే వేళకి ఇద్దరం ఆ బండెక్కేవాళ్ళం. ముందు సీటు సోఫాలా ఒకటే పొడుగు. స్టీరింగు దగ్గర మావయ్య, పక్కన నేను, అద్దంలోంచి ఎదురుగా గోడ. ఆయన మొట్టమొదట చేసే పని హ్యాండ్ బ్రేకు తియ్యడం. రేడియో కట్టేశాక చివర చేసే పని మళ్ళీ వెయ్యడం. టైర్లలో గాలి లేదు, ఇంజను పట్టేసింది. అయినా సరే.

"బ్రేకు ఎందుకు మావా? ఎక్కడికెళ్ళిపోతాది?" అన్నాను మొదటి రోజు.

"బ్రేకు ఏసుకు కూకుంటే ఏటి ఇనపడతాదిరా? ఇన్నంత సేపన్నా దాన్ని వొదిలెయ్యాల."

నాబు తిప్పగానే రేడియో పలకదు. లోపల కందిరీగ చిక్కుకున్నట్టు ఒక రొద, ఆ తర్వాత డయలు మీద పసుపు వెలుగు, ఎంతసేపటికో గొంతు. నేను నాబు మళ్ళీ తిప్పబోతే చేతి మీద కొట్టేవాడు. "ఏటిరా తొందర? వాల్వులు ఏడెక్కద్దా? నిన్ను లేపడానికే మీ అత్తకి గంట పడతాది. అది నీకన్నా ముసల్ది."

ఆయన జీవితమంతా రేడియో మెకానిక్కు. నాకు చెప్పిన చరిత్ర ఇది. మొదట్లో కార్లలో రేడియో అంటే సీటు కింద ఒక పెట్టె, ఎక్కడో బ్యాటరీలు, ఎవరికి తోచినట్టు వాళ్ళు బిగించుకోవడం. తర్వాత అమెరికా కంపెనీలవాళ్ళే డాష్‌బోర్డులో దానికో చోటు వదిలి, ఆ చోటుకి సరిపోయే రేడియో చేయించి, ఫ్యాక్టరీలోనే పెట్టి పంపడం మొదలుపెట్టారు. రేడియో వద్దన్న పిసినారికి ఆ చోట ఒక రేకు మూత బిగించి ఇచ్చేవారు. ఫ్యాక్టరీలో పెట్టింది కంపెనీ ఫిట్టింగు. మిగతాదంతా బజారు ఫిట్టింగు.

లోకంలో సమస్తాన్నీ ఆయన ఈ రెండు గంపల్లోనే వేసేవాడు. తన పళ్ళు బజారు ఫిట్టింగు. అత్త కోపం కంపెనీ ఫిట్టింగు. నా డిగ్రీ బజారు ఫిట్టింగు, "అదీ వొదులుగా ఉన్నాది" అనేవాడు. తన రేడియో మాత్రం అసలు సిసలు కంపెనీ ఫిట్టింగు. ఇంటికి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళ కన్నా ముందు ఈ సంగతి అందేది.

ఒకసారి అడిగాను. "మావా, మరి మనమో? మా ముత్తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికొచ్చాడు కదా. ఈ ఊరికి మనం కంపెనీయా, బజారా?"

ఆయన డయలు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. "సిటిజను కార్డులిచ్చే ఆఫీసులో అడుగు," అన్నాడు. "మూడు తరాల్నించీ ఆల్లూ ఇదే ఎతుకుతన్నారు."

ఆ డయలు మీద రెండు చోట్ల చిన్న త్రికోణాలుంటాయి. అప్పట్లో అమెరికాలో యుద్ధభయం. ఆపద వస్తే జనం ఆ గుర్తుల దగ్గరికి తిప్పుకుని ప్రభుత్వం చెప్పేది వినాలట. ఈ వివరం చెప్పి ఆయన నా వైపు చూశాడు. "బయమేసినప్పుడు తిప్పుకోమని ఆల్లకి రెండు సోట్లే ఇచ్చేరు. మనకి ఈ సివర నుంచి ఆ సివరకీ త్రికోనాలే కదరా." నేను నవ్వాను. అప్పుడే బయట మెట్ల మీద ఎవరిదో బూట్ల చప్పుడైతే, ఆయన నవ్వు ఆపకుండానే రేడియో గొంతు తగ్గించాడు. పక్కింటివాళ్ళే. ఆ చప్పుడు పైకెక్కి పోయేదాకా నవ్వు ముఖాలతో అలాగే ఉండిపోయాం.

ఆయనకి ఇంకో అలవాటు. ఏ నట్టు బిగించినా చివర్లో ఒక చుక్క ఎర్ర గోళ్ళ రంగు పెట్టేవాడు. అది ఎండితే నట్టు వదులవదు, ఎవరైనా విప్పితే తెలిసిపోతుంది. అత్త పెళ్ళినాటి నుంచీ ఇదే గొడవ. "నా గోల్లకి లేని సోకు మీ నట్లకేటండీ?"

నిరుడు వానలు వెనకబట్టాక ఒక బర్మా ఆయన వచ్చాడు. పాత కార్లు బాగుచేసి పెళ్ళిళ్ళకి తిప్పుతాడు. బండి చుట్టూ ఓపిగ్గా తిరిగి, మావయ్యని వాళ్ళ భాషలో ఉలే, అంటే బాబాయ్, అని పిలుస్తూ మర్యాదగా అన్నాడు: "ఉలే, గోడ నేనే పడగొట్టి, నేనే మళ్ళీ కట్టిస్తాను. బండిని రోడ్డు మీద నడిపిస్తాను, ముందు మీరే ఎక్కాలి. కాకపోతే నాకు అన్నీ ఒరిజినల్ కావాలి. ఈ రేడియో వెనక ఒక్కసారి టార్చి వేసి చూస్తాను."

"కంపెనీ ఫిట్టింగు," అన్నాడు మావయ్య.

"కాదనడం లేదు ఉలే. ఒక్క నిమిషం."

"నా మాట చాలకపోతే టీ తాగి వెళ్ళండి."

ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

పాఠకులు నా స్థితి గ్రహించాలి. ఆ గోడ పడిన రోజు, వెనక సీటు కింద చాప కప్పుకుని, నేనూ ఆ బండితో బయటికి పోదామని పథకం వేసుకున్నాను. ఎక్కడికో తెలీదు. రోడ్డు దాకా అయినా సరే. అందుకని అరిచాను. "ఏటి మావా నువ్వు? నలబయ్యేళ్ళకి ఒకడు గోడ కొడతానని వస్తే, ఒక్క నిమిషం టార్చికి ఒప్పుకోలేవా? నువ్వు ఎక్కి తిరగొద్దా?"

ఆయన తువ్వాలుతో డయలు తుడుస్తూ అన్నాడు. "బండెలిపోతే సాయంత్రం నువ్వెక్కడ కూకుంటావురా?"

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఒకే సీటు మీద పక్కపక్కన కూచుని మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో అనుభవం మీద చెబుతున్నాను.

ఆయన దినాలయ్యాక ఒక సాయంత్రం వెళ్ళి నాబు తిప్పితే రొద కూడా రాలేదు. ఆయన చేసేటట్టే, నన్నెప్పుడూ దూరనివ్వని ఆ డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, అడ్డొచ్చిన ఒక నట్టు విప్పి, ఫ్యూజు వెతికాను. ఫ్యూజు మాడిపోయి ఉంది. దాని పక్కన కనిపించినవి మాత్రం నేను వెతకనివి.

రేడియోని పట్టి ఉంచిన రెండు రేకు పట్టీలు బిస్కెట్ల డబ్బా కత్తిరించి చేసినవి. ఒకదాని మీద బర్మా అక్షరాలు సగం ఇంకా ఉన్నాయి. అమెరికాలో ఏ ఫ్యాక్టరీ కూడా రంగూన్ బిస్కెట్ల డబ్బా కత్తిరించదని ఫిజిక్సు చదివినవాడిగా ధ్రువీకరిస్తున్నాను. ప్రతి నట్టు మీదా ఒక చుక్క, ఎండి, బీటలు వారి, గోధుమరంగుకి తిరిగిన గోళ్ళ రంగు. ఇంకా లోపల, తీగతో కట్టి భద్రంగా, మెరుగు తగ్గని ఒక రేకు మూత.

షావుకారు పిసినారి. బండిని రేడియో లేకుండానే కొన్నాడు. మా మావయ్య కుర్రతనంలో, ఇంకే బండిలోంచి తెచ్చాడో, దాన్ని తన చేతులతో ఇందులో కూర్చాడు. ఎంత బాగా కూర్చాడంటే యాభై ఏళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు. మూతని మాత్రం పారెయ్యలేకపోయాడు.

మావయ్య ఆ రోజు పాత కార్ల ఆయన టార్చిని వద్దన్నది ఈ మూత కోసమా, నా సాయంత్రాల కోసమా అని అటూ ఇటూ తేల్చుకోలేకపోయాను. రెండూ అయ్యుండొచ్చు.

మర్నాడు పాత కార్ల ఆయన పరామర్శకి ఫోను చేశాడు. అత్త ఫోను చేత్తో మూసి నన్నడిగింది. "ఇప్పుడన్నా సూడనిత్తారా అంటన్నాడురా. ఏటి సెప్పను? నీకు ఆ గోడ పడాలనుంది కదా."

ఉంది. ఇప్పటికీ ఉంది.

"కంపెనీ ఫిట్టింగే అని చెప్పు అత్తా. మావ మాట చాలకపోతే టీకి రమ్మను."

పాత కార్ల ఆయనకి తెలుగు చదవడం రాదు, మన కుర్రాళ్ళకీ అంతంతమాత్రమే. కాబట్టి ఈ రహస్యం మన పత్రికలో కన్నా భద్రంగా ఎక్కడా ఉండదు.

ఆ సాయంత్రం కొత్త ఫ్యూజు వేసి, విప్పిన నట్టు బిగించి, అత్త ఇచ్చిన సీసాలోంచి ఒక చుక్క పెట్టాను. పాత చుక్కల పక్కన అది మరీ ఎర్రగా ఉంది. ఆయన చోటు ఖాళీగా వదిలి, నా చోటే కూచుని నాబు తిప్పాను. రొద వచ్చింది. తొందరపడలేదు. పసుపు వెలుగు నా మోకాళ్ళ మీదికీ, అద్దం దాటి ఎదురుగా గోడ మీదికీ పాకింది. అప్పుడు గుర్తొచ్చి, ఖాళీ సీటు మీదుగా చెయ్యి చాచి బ్రేకు తీశాను.