బదిలీ గడిలో కొండగొర్రెలు

2023 జూలై 18, మంగళవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. సన్నని తుంపర, ఎండ లేదు, గాలి లేదు. పంజాగుట్ట పైవంతెనకు ఎదురుగా ఉన్న ఒక భవనం ఐదో అంతస్తులో, తెరవడానికి వీలులేని గాజు కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టారు. నా ముందు ఒక కాగితం. దాని అడుగున నా సంతకానికి వదిలిన రెండంగుళాల ఖాళీ.

ఆ కార్యాలయం వారు జంతు ఉద్యానాలకు నమూనాలు గీస్తారు. నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఊరికి దూరంగా ఉన్న ఒక చిన్న జింకల పార్కులో జంతువుల లెక్క రాసి, 2012లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏ జంతువును ఏ జంతువుతో ఒకే కంచెలో ఉంచవచ్చో చూసుకోవడానికి చదివిన పుస్తకాల ఆధారంగా ఒక పట్టిక తయారుచేసుకున్నాను. అందులో నాలుగు గడులు: బరువు, కొమ్ము, మేత వేళ, దాక్కునే చోటు. ఏ ఒక్క గడిలో ఇంటూ గుర్తు పడినా ఆ జత రద్దు. ఆ పట్టిక కోసమే నన్ను పిలిచారు.

కొత్తగా రాబోయే ఒక పార్కులో పద్దెనిమిది జంతువులకు ఒకే ఆవరణ గీశారు. కృష్ణజింకలు ఎనిమిది, చుక్కల దుప్పులు ఆరు, మనుబోతులు, అంటే నీల్‌గాయిలు, మూడు, కొండగొర్రె ఒకటి. మొదటి మూడు జాతుల విషయంలో నాకు అభ్యంతరం లేదు. కొండగొర్రె అంటే గొర్రె కాదు, చిన్న జాతి జింక. ఇది తొమ్మిదేళ్ళ ఆడది; ఇరవై కిలోలకు మించదు, కొమ్ములు లేవు. మగ మనుబోతు బరువు దానికి పదింతలు. నేను ఇంటూ గుర్తు పెట్టాను. పెడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. స్థలానికి తూర్పున బండ, పడమట చెరువు కట్ట. మరో ఆవరణకు చోటు లేదు. ఆ కొండగొర్రె ఇప్పుడున్న వెనుక గదిలోనే, పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పులో, చచ్చేదాకా ఉండిపోతుంది.

నమూనా గీసిన అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. బెజవాడ వైపు మనిషి. ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది.

"సార్, ఈ చేతిరాత ఎవరిదో చెప్పండి చూద్దాం."

నాదే. మా పార్కు పాత పుస్తకాల్లోంచి ఎవరో ఫోటో తీసి పంపిన పేజీలు. 2004 ఏప్రిల్ నుంచి 2008 మార్చి వరకు, పై అధికారి ఉత్తర్వు మేరకు, మనుబోతులను, కొండగొర్రెలను ఒకే ఆవరణలో ఉంచాం. మరణాల గడిలో నలభై ఎనిమిది నెలలకు నలభై ఎనిమిది సున్నాలు.

"ఇన్ని సున్నాలు నా టెన్త్ మాథ్స్ పేపర్లో కూడా లేవండీ," అని నవ్వింది. "మాటలొద్దు, అంకె చూపించమంటారు కదా మీరు? చూపించాను. ఆ ముసలిదాన్ని బయటికి రానివ్వండి సార్, పాపం."

పట్టిక పుస్తకాల్లోంచి వచ్చింది. సున్నాలు నా చేతిలోంచి వచ్చాయి. పట్టికను నమ్మితే నా లెక్క తప్పు, లెక్కను నమ్మితే పట్టిక తప్పు. శుక్రవారం నాలుగు గంటల వరకు గడువు అడిగి లేచాను.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటలోని మా ఇంటికి నడిచే వెళతాను. ఆ రోజు దారిలో వాన పెరిగింది. ఒక మెట్రో స్తంభం పక్కన ముప్పై ఐదు నిమిషాలు నిలబడిపోయాను. ముందు మోకాలి లోతు నీళ్ళు, వెనుక కదలని వాహనాలు. అంతసేపూ ఆ సున్నాలనే లెక్కపెట్టాను.

మా సందులో కోచింగ్ పిల్లలుండే అమ్మాయిల హాస్టల్ ఒకటి ఉంది. దాని కాపలాదారు ఒకప్పుడు మా పార్కులో ఆ ఆవరణకే కీపర్‌గా పనిచేసినవాడు. నన్ను చూసి కుర్చీ జరిపాడు.

"ఏం సార్, తడిసి ముద్దయిన్రు! జర కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

"పని ఎలా ఉంది?"

"ఇప్పుడు సుత నాది లెక్కల నౌకరే సార్. ఏడింటికి గేటేసి పిల్లలను లెక్కవెట్టాలె. జింకలే నయముండె, గేటు కాడ ఫోన్లు మాట్లాడకపోతుండె."

సున్నాల సంగతి చెప్పాను. అతను నవ్వడం ఆపాడు.

"సచ్చినయి గద సార్."

"ఎక్కడ? పుస్తకంలో లేదే."

"మీ బుక్కుల ఎట్లుంటది? దెబ్బ తాకినదాన్ని సాయంత్రం లెక్కకు ముందే దవాఖాన దొడ్లకు తోలుకపొమ్మంటిరి. మీరు బదిలీ అని రాస్తిరి. ఆడ సచ్చింది డాక్టర్ సాబ్ బుక్కుల పడ్డది. మీ కాడ సున్నా."

ఆ నియమం నాదే. ఒక జంతువు ఒకే సాయంత్రం రెండు పుస్తకాల్లో కనిపించకూడదని 2004లో నేనే పెట్టాను. మొత్తాలు సరిపోవడం చూసి పై అధికారి మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

"మనుబోతు పొడిచేదా?"

"పొడుసుడెందుకు సార్? తొట్టి కాడ తల గిట్ల ఊపితే సాలు. గీ పానం బెదిరి కంచె మీదికి ఉరుకుతది, మెడ ఇరుగుతది. అది సచ్చిందని మనుబోతుకు సుత ఎరుకుండది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగిన్రా? ఆరింటికి వచ్చి, ఎన్నున్నయ్ అంటిరి. ఎన్నుంటే గన్ని చెప్తి."

బుధవారం, గురువారం నేను ఇల్లు కదలలేదు, వాన కదలనివ్వలేదు. పావురాలకు అడ్డంగా వల కట్టిన బాల్కనీలో పీట వేసుకుని, ఇనప్పెట్టెలో దాచుకున్న నా కార్బన్ ప్రతులు ముందేసుకున్నాను. మరణాల గడిని వదిలి, మొదటిసారి బదిలీల గడిని పైనుంచి కిందికి చదివాను. ఆ నాలుగేళ్ళలో ఆవరణలోకి వచ్చిన కొండగొర్రెలు ఏడు. దవాఖాన దొడ్డికి బదిలీ అయినవి ఐదు. తిరిగి వచ్చినట్టు నమోదైనది ఒకటి. మిగిలిన నాలుగూ ఏమయ్యాయో నా పుస్తకంలో లేదు. డాక్టరు గారి పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

గురువారం సాయంత్రం గొడుగు వేసుకుని మళ్ళీ హాస్టల్ గేటు దగ్గరికి వెళ్ళాను.

"చెవి చినిగింది ఒక్కటే మళ్ళ వచ్చింది," అన్నాడతను. "తక్కిన నాలుగిట్ని నేనే బొందవెట్టిన సార్, గీ చేతులతోని."

"తేదీలు?"

"తేదీలేడికెంచి తేవాలె? ఒకటి బోనాలప్పుడు. ఒకటి బతుకమ్మ ముంగట. రెండు ఎండకాలంల, వారం తేడాల."

తేదీ లేని అంకెను నేను ఉద్యోగంలో ఏనాడూ ఎక్కించలేదు. ఆ రాత్రి మరణాల మొత్తం దగ్గర నేనే ఎర్రసిరాతో సున్నా కొట్టేసి, పక్కన నాలుగు వేసి, 'కీపర్ చెప్పిన ప్రకారం' అని రాశాను. అంకె స్పష్టంగానే పడింది.

శుక్రవారం, జూలై 21, నాలుగు గంటలకు అదే కిటికీ, అదే కుర్చీ. వాన ఇంకా ఆగలేదు. నేను దిద్దిన పేజీని ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. ఈసారి పరిహాసమాడలేదు.

"అయితే అది చచ్చేదాకా ఆ గదిలోనేనా సార్?"

సంతకం పెట్టి లేచిపోవడం సులభమే. కానీ ఇంటూ గుర్తు పెట్టిన నా చేయే ఆ గది తలుపు కూడా మూస్తోంది. నమూనా కాగితం దగ్గరకు లాక్కుని ఉత్తరపు అంచున స్కేలు పెట్టాను. సందర్శకుల దారి ఇరవై అడుగుల వెడల్పు ఉంది.

"ఇందులో పదకొండడుగులు ఇవ్వగలరా? పొడవు నూట నలభై వస్తుంది. మధ్యలో తీగ కంచె. దానికి కొండగొర్రె వైపు నడుమెత్తు దాకా వెదురు తడక కట్టాలి. అడ్డం ఉందని కనిపిస్తే గుద్దుకోదు. తొట్టి దానికి విడిగా."

"జనం తొమ్మిదడుగుల్లో నడవాలంటే మా క్లయింట్ నన్ను కూడా అందులోనే పెడతారండీ," అంది. కాసేపు కొలతలు చూసుకుంది. "అంటే, ఇంకాస్త పెద్ద జైలు, అంతే కదా సార్?"

"అంతే," అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదు. కొండగొర్రె, మనుబోతు కలిసే గడిలో ఇంటూ గుర్తు అలాగే ఉంచి, రెండంగుళాల ఖాళీలో సంతకం పెట్టాను. క్లయింటును ఒప్పించడానికి ఆ అమ్మాయికి మూడు వారాలు పట్టింది.

నవంబరు 16, గురువారం, ఉదయం పదకొండింటికి ఆ అమ్మాయి పార్కు నుంచి ఫోన్ చేసింది. అక్కడ ఎండగా ఉందని చెప్పింది. జంతువులను వదిలి ముప్పై రోజులైందట. కొండగొర్రె ఆ చివరి నుంచి ఈ చివరకు తడక వెంట తిరుగుతూనే ఉంటుందట; రోజుకు ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

"మరణాలు లేవండీ," అంది.

"బదిలీలు?" అని అడిగాను.

కీపర్‌ను పిలిచి కనుక్కుని మళ్ళీ లైన్లోకి వచ్చింది. బదిలీలు కూడా లేవు. ఉమ్మడి ఆవరణలో పదిహేడు, తడక ఇవతల ఒకటి; మొత్తం పద్దెనిమిది.