సోమవారం బస్సు

నేను జిల్లా ప్రొబేషన్ అధికారిగా నెల్లూరుకు బదిలీ అయి వచ్చింది పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో. మా ఉద్యోగం ఏమిటో చాలామందికి తెలియదు. పెరోల్ అంటే జైల్లో ఉన్న ఖైదీని కొన్నాళ్లు ఇంటికి పంపడం. ప్రొబేషన్ అంటే నేరం రుజువైనా జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని ఊళ్లోనే ఉండనివ్వడం. రెండింటిలోనూ ఆ మనిషి మీద కన్నేసి ఉంచి నివేదిక రాసే పని మాది. మాకు లాఠీ ఉండదు, జీపు ఉండదు. ఒక రిజిస్టరు, ఒక స్టాంపు ప్యాడు, బస్సు ప్రయాణం. మనిషి గాడి తప్పితే మాత్రం మొదటి సంజాయిషీ మేమే ఇవ్వాలి. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ నాకు లోపల బెదురుగానే ఉండేది. ఆ బెదురును కోపంగా మార్చుకుని బతికాను.

పెంచలయ్యది దుత్తలూరు నుంచి ఉదయగిరికి వచ్చే దారిలో ఒక పల్లె. ముప్పై ఏళ్ల మెట్టరైతు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగి, పక్క పొలం మాల్యాద్రిని పారకర్రతో కొట్టాడు. మాల్యాద్రి కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. అతను పొలం కన్నా చేతిపని మీద ఎక్కువ బతికేవాడు. చెక్క గరిటెలు, చెంచాలు చెక్కి ఉదయగిరి కొట్లకు ఇచ్చేవాడు. ఆత్మకూరు కోర్టులో నేరం రుజువైంది. మొదటి తప్పు కావడంతో, నా విచారణ నివేదిక చూసి, జడ్జిగారు పెంచలయ్యను ఏడాది ప్రొబేషన్ మీద వదిలారు. షరతులు రెండు. మాల్యాద్రి జోలికి పోకూడదు. వారానికోసారి నా ముందు హాజరై సంతకం పెట్టాలి. ఏది తప్పినా జైలే.

హాజరు ఏ రోజు, ఎక్కడ అన్నది అధికారి ఇష్టం. సోమవారాలు నాకు ఉదయగిరిలో క్యాంపు, మంగళవారాలు ఆత్మకూరులో. ఉదయగిరిలో ఒక ఆఫీసు వరండా చివర చిన్న గది ఇచ్చారు. ‘సోమవారం, ఉదయం పది గంటలు’ అని రాసేశాను. అంతకు మించి ఆలోచించలేదు.

మొదటి సోమవారం అతను పన్నెండుకు వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది, పాదాల నిండా దుమ్ము. బస్సు తప్పిందన్నాడు. రెండో వారమూ అదే వేళ, అదే మాట. మూడో వారం నేను ఊరుకోలేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే కోర్టుకు రాస్తానని, పిల్లలు జైలు దగ్గరికి వచ్చి చూసుకోవాల్సి వస్తుందని గట్టిగా చెప్పాను. అతను తల వంచుకుని “వస్తాను మేడమ్” అన్నాడు.

నాలుగో సోమవారం పది దాటింది, పదకొండు దాటింది. మనిషి లేడు. ఫోను స్విచ్చాఫ్. అతని భార్యకు చేస్తే, “తెల్లారే పోయినాడు మేడమ్. ఇయ్యాల బస్సుకే పోతానన్నాడు. రాలేదా?” అని ఆమె ఎదురు అడిగింది. కోర్టుకు ఉత్తరం రాద్దామని తీసిన కాగితాన్ని మళ్లీ పక్కన పెట్టాను. తెల్లారే బయలుదేరిన మనిషి ఎక్కడికి పోయినట్టు?

బస్టాండుకు నడిచాను. ఆ పల్లె మీదుగా ఉదయగిరికి పొద్దున వచ్చేది ఒకే బస్సు. దాని కండక్టర్ టీ తాగుతున్నాడు. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

“ఆ కొట్టినోడేగదమ్మా? మూడు వారాలుగా బస్సుదాకా వస్తాడు, లోపల మాల్యాద్రిని చూస్తాడు, ఎనక్కి పోతాడు. నడిచే వస్తన్నట్టుండాది, పన్నెండు కిలోమీటర్లు. మాల్యాద్రి ప్రతి సోమవారం గరిటెల మూట ఏసుకోని ఎక్కతాడు.”

అతని జోలికి పోవద్దని బాండు రాయించి, వారం వారం ఇద్దరినీ ఒకే బస్సుకు రప్పించింది నేను.

“మరి ఈరోజు?”

“ఇయ్యాల ఎక్కినాడమ్మా. ఏదో గొడవైంది. ఇద్దరూ క్రాస్‌రోడ్డు కాడ దిగేసినారు.”

ఇద్దరూ దిగారు! మధ్య దారిలో, మనుషులు లేనిచోట. ఆటో ఎక్కాను. ఆ అరగంటా నా కళ్ల ముందు పారకర్రే ఉంది. పెంచలయ్య చెయ్యి మళ్లీ లేస్తే ఒకరు ఆసుపత్రికి, ఒకరు జైలుకు. లేపించిన పాపం నాది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా వేసింది. ఆ సంగతి దాచుకోను.

క్రాస్‌రోడ్డు దగ్గర మూట మీద ఒక్కడే కూర్చున్నాడు మాల్యాద్రి. ఒంటి మీద గీత కూడా పడలేదు. నేనెవరో చెప్పి పెంచలయ్య ఏడని అడిగితే కొండవైపు చూపించాడు.

“నేనే దిగరా అన్నాను. మాట్లాడకుండా దిగినాడు. ఆణ్ణి చూస్తే నాకు ఊపిరాడదు మేడమ్. బస్సు కదిలినాక కూడా కాళ్ల వణుకు తగ్గలా. కూర్చోలేక నేనూ దిగేసినా.” మూట ఒంటిచేత్తో ఎత్తలేక, మధ్యాహ్నం బస్సు కోసం అక్కడే ఉండిపోయాడట.

ఈ భయం ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

“ఎవరికి చెప్పేది? కోర్టులో దెబ్బ ఏడ తగిలిందని అడిగినారు. ఏ బస్సుకు పోతావని ఎవురడిగినారు? మీరు మా ఊరికొచ్చి ఆళ్లింట్లో కూర్చోని పోయినారంట. మా ఇంటికి రాలేదే?”

నిజమే. విచారణకు వెళ్లిన రోజు పెంచలయ్య ఇల్లు చూశాను, ఊరి పెద్దల్ని అడిగాను. మాల్యాద్రి ఇంటికి తాళం ఉంది. ‘బాధితుడు అందుబాటులో లేరు’ అని రాసి సంతకం పెట్టాను. మళ్లీ వెళ్లలేదు. ఎండలో ఆ మనిషి ముందు నిలబడి ఉంటే నాకు సిగ్గేసింది.

అతన్నీ మూటనూ ఆటోలో ఎక్కించుకున్నాను. ఉదయగిరి దగ్గర పడుతుంటే మెల్లగా అడిగాడు, “ఆడు మీ ఆఫీసు కాడ ఉంటాడా?” ముందు అతన్ని కొట్టు దగ్గర దించి, ఆ తర్వాతే ఆఫీసుకు వెళ్లాను.

మెట్ల మీద ఉన్నాడు పెంచలయ్య. రోడ్డు మీద మాల్యాద్రి కంట పడకూడదని కొండ కింద చుట్టుదారిన వచ్చాడట. నన్ను చూసి లేచి, చేతులు కట్టుకుని, “ఆలస్యమైపోయింది మేడమ్. జైలుకు రాసేసినారా?” అన్నాడు.

“ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఏం పోయేది?” అని అరిచాను.

“ఆయన పేరు కూడా ఎత్తొద్దన్నారు గదా మేడమ్, సంతకం పెట్టించిన రోజు. ఎత్తితే షరతు తప్పినట్టేమోనని.”

ఆ మాట అన్నది నేనే. బాండులో అది లేదు. గట్టిగా ఉంటుందని నోటికొచ్చినట్టు అన్నాను. పన్నెండు కిలోమీటర్లు నడిచాడు గానీ నా మాట దాటలేదు. రిజిస్టరు తెరిచి సంతకం పెట్టించుకున్నాను.

కోర్టుకు ఉత్తరం రాశాను. హాజరు రోజునూ నా ఉదయగిరి క్యాంపునూ గురువారానికి మారుస్తున్నట్టు తెలియజేసి, కారణం దగ్గర ‘విచారణలో అధికారి పొరపాటు’ అని రాశాను. పై అధికారి మెమో ఇచ్చారు. అది నా సర్వీసు పుస్తకంలో ఉంది. పెంచలయ్య మిగిలిన ఏడాది ఒక్క గురువారం తప్పలేదు. మాల్యాద్రి బస్సులో నిమ్మళంగా కూర్చున్నాడని కండక్టర్ చెప్పాడు గానీ, అతని భయం పూర్తిగా పోయిందని నేను అనుకోను.

నేరం చేసిన మనిషిని మేము వదిలేది ఖాళీ ఊళ్లోకి కాదు, దెబ్బ తిన్న మనిషి ఉన్న ఊళ్లోకి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి విచారణలో ముందు దెబ్బ తిన్నవాళ్ల గడపే ఎక్కాను. ఏ రోజు ఎటు వెళతారో అడిగాకే షరతు రాశాను. కొందరు తలుపు తీయలేదు. వాళ్లను బయట నిలబడే అడిగాను.