నల్ల ఇసుక పుస్తెలు

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసి పుస్తెలు కావాలంది. బరువు అడిగింది, రంగు అడిగింది, రెండు గంటల దూరంలో ఉన్న రోటోటూనాకు కొరియర్‌లో పంపుతారా అని అడిగింది. చేసేదెవరని మాత్రం అడగలేదు. నా గురించి ఎవరూ ఆరా తీయకపోవడం ఆరోగ్యానికి మంచిదే అయినా, ఆ పూట ఎందుకో సుత్తె ముట్టబుద్ధి కాలేదు.

రెండువేల పది దాటాక, హెండర్సన్‌లో అద్దె ఇంటి గరాజులో కుంపటి పెట్టుకున్న కొత్తలో, ఇలా ఉండేది కాదు. మా నాన్న బంగారప్పని చేసే అవుసలి. ఆడపిల్లకు పని నేర్పకూడదన్న కట్టుబాటును కచ్చితంగా పాటించాడు. నేను ఊదుగొట్టం ఊదుతూ చూస్తుంటే మాత్రం అడ్డు చెప్పేవాడు కాదు. బీకాం నాకు సర్టిఫికెట్టు ఇచ్చింది, పెళ్లి న్యూజీలాండ్ ఇచ్చింది, ఆ పెళ్లి ముగిశాక అన్నం పెట్టింది మాత్రం ఆ చూసిన పనే.

అప్పుడొక నర్సమ్మాయి వచ్చింది, ఇక్కడే పెరిగిన పిల్ల. అమ్మవాళ్లలాగా షైనీగా వద్దు, కానీ పుస్తెల్లాగే ఉండాలంది. మధ్యలో నాన్న కొట్టే ఉబ్బు బొడిపెను అలాగే ఉంచి, చుట్టూ ఆ పిల్ల చిన్నప్పుడు ఆడుకున్న పడమటి తీరపు నల్ల ఇసుక గరుకుదనాన్ని బంగారం మీదికి తెచ్చాను. పని మొదలుపెట్టే ముందు, కరీంనగర్ నుంచి దిగిన కాబోయే అత్తగారు పుస్తెలు చేసే అవుసలికిచ్చే పద్ధతి ప్రకారం బియ్యం, బెల్లం, పసుపు సూపర్‌మార్కెట్ సంచిలో తెచ్చి నా చేతిలో పెట్టింది.

పుస్తెలు తయారయ్యేనాటికి నా సంసారం సంగతి ఎవరో ఆమె చెవిన వేశారు. మనవాళ్లు సముద్రాలు దాటినా ఈ సేవ మానలేదు. అత్తాకోడళ్లిద్దరూ పుస్తెల కోసం వచ్చిన రోజు ఆమే మొదలుపెట్టింది.

"ఏమమ్మా, మొగనితోని ఉంటలేవంట?"

"లేదు ఆంటీ. ఆయన హామిల్టన్‌లో, నేనిక్కడ. ఇద్దరం క్షేమం."

"గసొంటి చేతుల పుస్తెలు నా కోడలికెట్ల కట్టాలె? కరగవెట్టు. వేరేకాడ చేపిస్తం."

బియ్యం తిరిగి అడగలేదు. అడిగినా అప్పటికే తినేశాను.

పుస్తెలు రెండూ బంగారం కరిగించే మూసలో పెట్టి, మంట వెలిగించి, ఊదుగొట్టం ఆమె వైపు చాచాను. నేను చేసింది నేను కరిగించను, మీరే కానివ్వండి ఆంటీ, అన్నాను. ముత్తైదువ పుస్తెలను తన చేత్తో మంటలో పెట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఆమె చేతులు కొంగులోకి వెళ్లిపోయాయి. అంతదాకా గోడకానుకుని చూస్తున్న నర్సమ్మాయి వచ్చి, మూసలోంచి వాటిని తీసి పర్సులో వేసుకుంది.

"నాకివే కావాలి అత్తమ్మా. ఇవి కాకపోతే పెళ్లి క్యాన్సిల్."

పెళ్లి ఆ పుస్తెలతోనే అయింది. నాకు వెనక వరుసలో కుర్చీ వేయించారు. అక్కడినుంచి సరిగా కనబడదని నేను ముందు వరుసలో కూర్చున్నాను.

ఇప్పుడు బోటనీ డౌన్స్ అంగళ్లలో అలాంటి గరుకు పుస్తెలు మెషీన్‌లో పోతపోసి అమ్ముతున్నారు. ఎవరి చేతివని అడిగే ఆంటీలు లేరు. ఆ అత్తగారు నన్ను కాదంది గానీ, ఆ బంగారం వెనక ఒక మనిషి ఉందని, ఆ మనిషి బతుకు దానికి అంటుతుందని నమ్మింది. అంటుతుందనే నేనూ అనుకుంటాను. అందుకే దాచను.

సాయంత్రం ఆ రోటోటూనా అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. పుస్తెలు చేసేది మొగుణ్ణి వదిలేసిన మనిషి, వచ్చి చూసి తీసుకెళ్లాలి, కొరియర్ లేదు అన్నాను. ఆ పిల్ల "పార్కింగ్ ఉంటదా ఆంటీ?" అంది.

పార్కింగ్ ఉంది. బియ్యం తెచ్చేవాళ్లే లేరు.