ఉక్కు సహాయ మంత్రికి అర్జీ

గాజువాకలో మాకో జిరాక్సు షాపు ఉంది. మాకు అంటే నాకు. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళతాడు. షాపులో ఆయనకు తెలిసిన పనల్లా షట్టరు ఎత్తడం, దించడం. నేను అర్జీలు టైపు చేస్తాను. ఇన్నేళ్ళలో నా కంప్యూటర్లో 'ఉక్కు' అని ఒక ఫైలు తయారైంది. భూమి పోయింది, నిర్వాసితుల కార్డు ఇచ్చారు, ఉద్యోగం ఇవ్వలేదు. ఈ మూడు సంగతులూ అందులో ఎవరికైనా సరిపోయేలా ఉంటాయి. కొత్త మనిషి వస్తే పేరు, ఊరు, సర్వే నంబరు మారుస్తాను. కొత్త ప్రభుత్వం వస్తే పైన మంత్రిగారి పేరు మారుస్తాను.

మా అత్తయ్య పేర కూడా అలాంటి కార్డు ఒకటి ఉంది. ఆవిడ పుట్టి పెరిగిన ఊరు ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ లోపల ఉండిపోయింది. భూమి తీసుకుంటూ ఇంటికో ఉద్యోగమన్నారు. కార్డు బీరువాలో ప్లాస్టిక్ కవరులో ఉంది, కొడుక్కి, అంటే మా ఆయనకి, యాభై దగ్గర పడుతోంది. ఈలోగా ఫ్యాక్టరీని అమ్మేస్తారన్న మాట మొదలైంది. చేతులు మారాక ఈ కార్డుకి జవాబు చెప్పేవాడెవడూ ఉండడని ఆవిడ భయం. ఆ భయం తప్పని నేనెప్పుడూ అనలేకపోయాను.

ఆ మధ్య జరిగిన ఎన్నికల్లో ఢిల్లీలో ఎవరికీ సొంతంగా బలం చాలలేదు. మన రాష్ట్రం ఎంపీలు కలిస్తేనే ప్రభుత్వం నిలబడుతుందని టీవీలో గంటగంటకీ లెక్కలు కట్టారు. సీరియల్ టైముకి ఎవరైనా ఛానల్ మారిస్తే రిమోట్ లాక్కునే అత్తయ్య, ఆ వారం సీరియళ్ళన్నీ వదిలేసింది.

"మనోలు లేకపోతే ఆలకి కుర్సీ లేదంట గదేటి?" అని అడిగింది.

"అవునత్తయ్యా."

"ఐతే ఇప్పుడు అడిగితే కాదనలేరు."

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాడు. పొద్దున్నే పేపరు చదివి నలుగురికీ రాజకీయం చెప్పే ఇంట్లో పెరిగాను. ఆ నలుగురిలో ఒక్కరూ ఇంత సూటిగా చెప్పగా వినలేదు.

ఫ్యాక్టరీ అమ్మకానికి వ్యతిరేకంగా అన్ని యూనియన్లూ కలిసి వేసిన దీక్షా శిబిరం మా షాపుకి దగ్గరే. పొత్తు ఖాయమయ్యాక అందులో సగంమంది, తమ పార్టీలూ పొత్తులో ఉన్నందుకు, నినాదం ఎత్తుకునే ముందు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు. "పొత్తు ధర్మం ఉంటాది గదమ్మా" అని ఒక నాయకుడు జిరాక్సుకొచ్చి నాకు నచ్చజెప్పాడు. ఆయన అర్జీకి నాలుగు కాపీలు తీయించుకున్నాడు, పొత్తులో పార్టీకొకటి చొప్పున. నాకు బేరం పెరిగిందిగానీ ఒళ్ళు మండింది. ఒక్క పార్టీ ప్రభుత్వమైతే కాదన్నవాడెవడో తెలుస్తుంది, కనీసం తిట్టుకోవచ్చు. ఇప్పుడు మాకిష్టమేగానీ వాళ్ళొప్పుకోవాలంటారు ఒకరు. ఆ వాళ్ళ దగ్గరికి వెళితే ఇదే మాట అటునుంచి వినబడుతుంది. అయినా ఒక్కడే ఏలినప్పుడు మా మాట అసలు ఎవరికి కావలసి వచ్చింది? ఈ పొత్తు వల్ల అడగడానికి సందైనా దొరికింది. అలా కూడా అనుకునేదాన్ని, పూటకో రకంగా.

మంత్రుల జాబితా చదివిన రోజు టీవీలో 'ఉక్కు శాఖ సహాయ మంత్రి' అని వినబడింది. అత్తయ్య మొహం వెలిగిపోయింది.

"ఉక్కుకి సహాయం సెయ్యడానికే ఓ మంత్రిని పెట్టీసినారు. సూసావా ఓలమ్మీ, మనోలు గట్టిగానే అడిగినారు."

సహాయ మంత్రంటే పెద్ద మంత్రి కింద చిన్న మంత్రని చెప్పబోయాను. ఎదుటివాడి అర్జీలో దీర్ఘం తప్పితేనే ఊరుకోని దాన్ని. కానీ ఆవిడ అంత సంబరపడగా చూసి ఎన్నాళ్ళైందో! నోరు మూసుకున్నాను. అది నా మంచితనమని కూడా అనుకున్నాను.

మర్నాడు షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని, "ఆ బాబుకే రాయి" అంది. 'ఉక్కు' ఫైలు తెరిచి పైన మార్చి ప్రింటు తీసిచ్చాను. పొత్తులోని ఒక నాయకుడి ఆఫీసులో అర్జీలు తీసుకుని ఢిల్లీ పంపుతున్నారని తెలిసి, మా ఆయన ఒక రోజు పని మానుకుని ఆవిణ్ణి తీసుకెళ్ళాడు. ఎండలో మధ్యాహ్నందాకా నిలబడ్డారట.

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకుండానే నన్ను పిలిచింది. చేతిలో అర్జీ కాపీ ఉంది.

"సహాయ మంత్రంటే కిందోడని అక్కడ గుమాస్తా సెప్పినాడు. నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"మీరు సంతోషపడుతున్నారని..."

"సంతోషం నానడిగానా? లైన్లో అందరికీ సెప్పీసాను, మనకి సహాయం సేసీ మంత్రున్నాడని. ఆలంతా నవ్వినారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను దాచింది ఆవిడ సంబరం చూసి కాదు. చదువులేని మనిషికి చెప్పినా ఏం ఒరుగుతుందన్న చులకన నాలో ఉంది. ఆ మాట ఇప్పటికీ ఆవిడతో అనలేదు.

"ఆ కాయితం సదువు" అంది. చదివాను. చివరి వాక్యం దగ్గరకొచ్చాను: "కావున తమరు దయతలచి మా కుటుంబానికి సహాయం చేయవలసిందిగా ప్రార్థన."

"ఆగు. సహాయం ఎవుడడిగాడు?"

నేను కాగితం దించాను.

"నా బూమి ఇచ్చీసాను. బదులు ఉజ్జోగం ఇత్తామన్నారు. అది ఇమ్మంతన్నాను. దయేటి, సహాయమేటి? ఆ ముక్క తీసీ."

వెళ్ళి షాపు తెరిచి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆవిడ పక్కనే స్టూలు మీద. ఆ వాక్యం ఎవరూ చెప్పింది కాదు, నేనే రాసి పెట్టింది. ఎంతమంది భూమి పోయినవాళ్ళ చేత బతిమాలించానో లెక్కలేదు. దాన్ని చెరిపేసి, ఆవిడ చెప్పినట్టే టైపు చేశాను: "భూమి ఇచ్చాము. ఉద్యోగం ఇవ్వండి."

"పైన ఎవరి పేరు పెట్టమంటారత్తయ్యా?" అని అడిగాను.

"ఆ కుర్సీని ఎవలెవలు మోత్తన్నారో ఆలందరికీ" అంది.