మల్లేశం నోట్‌బుక్‌లో లింబాద్రి

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వేసేవాణ్ణి. ఇప్పటికీ పెద్దగా నమ్మను. పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. ప్రోగ్రాంలో తప్పు కనిపిస్తే కారణం దొరికేదాకా వదలకపోవడమే నా ఉద్యోగం. ఈ ఒక్కదానికే కారణం దొరకలేదు.

మా ఆఫీసు పంజాగుట్టలో. అమీర్‌పేటలో ఏ గోడ మీద చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులుండే రోజులవి. మల్లేశం మా ఆఫీసులోనే కార్ల రాకపోకలు చూసేవాడు. అతనిది సిద్దిపేట వైపు, నాది తెనాలి. ఇద్దరికీ కలిసింది నేరవార్తల పిచ్చి ఒక్కటే. మధ్యాహ్నం అన్నం తింటూ పేపర్లో వచ్చిన ఏదో ఒక కేసు తీసుకుని, ఎవరు చేసి ఉంటారో వాదించుకునేవాళ్లం.

"నౌకరి ఇడిసిపెట్టి కథలు రాయరాదన్నా. గీ టెస్టింగ్ ఎవడన్న చేస్తడు," అనేవాడు.

ఒక సోమవారం అతను రాలేదు. మెదడులో రక్తనాళం చిట్లి, మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. నలభై ఏళ్లు. అతని సొరుగు ఖాళీ చేసింది నేనే. పెన్నులు, కళ్లజోడు, ఒక స్పైరల్ నోట్‌బుక్ అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, అతని భార్య సుజాతకు ఇచ్చి వచ్చాను. నోట్‌బుక్ తెరవలేదు. ఈ మాట తర్వాత చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఏడాది తిరిగాక రాజీనామా చేశాను. అతను లేకుండా ఆ క్యాంటీన్‌లో కూర్చోలేకపోవడం కూడా ఒక కారణమని ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడ "రెండేళ్లు చూద్దాం" అంది. యూసుఫ్‌గూడలో మేముండే ఇంటిపైన గదిలో మొదటి నవల రాశాను. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్ వార్డెన్ హత్య. ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది.

అది పూర్తయిన వారం, ఆదివారం పొద్దున సుజాత మా ఇంటికొచ్చింది. ఆమె స్కూల్ టీచరు, వాళ్లకొక పాప. మల్లేశం పోయి అప్పటికి రెండున్నరేళ్లు.

"మీ సీరియల్ స్టాఫ్‌రూంల చదివిన. నిన్న ఇల్లు మారుతుంటే ఆ డబ్బా ఇప్పిన. ఇది చూడుండ్రి," అని స్పైరల్ నోట్‌బుక్ చేతికిచ్చింది.

మల్లేశం చేతిరాత. కథ నాది. మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా, ఏ అధ్యాయంలో ఏం జరుగుతుందో వరసగా రాసి ఉంది.

నా నవల రెండో అధ్యాయంలో వార్డెన్ చీర ఆకుపచ్చ. తొమ్మిదో అధ్యాయంలో శవం మీద అదే చీర నీలం అని రాశాను. అది నా పొరపాటు, అచ్చయ్యాక గాని గమనించలేదు. నోట్‌బుక్‌లోనూ రెండో అధ్యాయంలో ఆకుపచ్చ, తొమ్మిదిలో నీలం. మా టెస్టింగ్‌లో ఒకే తప్పు రెండుచోట్ల కనబడితే, ఒకదాన్ని చూసి రెండోది రాశారని అర్థం.

"డబ్బా మీరే కట్టిండ్రు గద అన్నా." ఆమె గొంతు పెంచలేదు. "అడిగితే నేనే ఇస్తుంటి. చెప్పకుండ తీసుకునుడెందుకు?"

తెరవలేదని చెప్పాను. నా మాట నాకే అబద్ధంలా వినిపించింది.

పేజీలు తిప్పుతుంటే హాస్టల్ వాచ్‌మన్ దగ్గర ఆగిపోయాను. పేరు లింబాద్రి. ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఆ పేరూ ఆ వేలూ నేను కల్పించినవి కావు. నవల రాస్తున్నప్పుడు సనత్‌నగర్‌లో నా స్కూటర్ బాగుచేసిన మెకానిక్‌వి. అంతకుముందు అలాంటి పేరు ఒకటుందని కూడా నాకు తెలియదు.

"ఒక్కసారి నాతో రండమ్మా," అన్నాను. ఇష్టం లేకుండానే ఆటో ఎక్కింది. దారిలో ఆ మెకానిక్ సంగతి చెప్పాను.

ఆదివారమైనా షెడ్డు తెరిచే ఉంది. సుజాత పర్సులోంచి మల్లేశం ఫోటో తీసి చూపించింది. లింబాద్రి చేతులు తుడుచుకుని, పట్టిపట్టి చూసి, ఎన్నడూ చూడలేదన్నాడు. నిజామాబాద్ దగ్గరి పల్లె నుంచి అతను హైదరాబాద్ వచ్చి ఏడాదిన్నరేనట.

"ఆ గోరు ఎప్పుడు పోయింది?" అని అడిగాను.

"వచ్చిన నెలకే సార్. గీ షెడ్డులనే, చైన్ల పడి నలిగింది. ఎందుకు?"

సుజాత అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు ఆ వేలినే చూసింది.

"ఆయన పోయినంక ఊడిన గోరు, ఆయన ఎట్ల రాసిండన్నా?"

లింబాద్రి ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ రాత్రి ఒక నీచమైన ఆలోచన వచ్చింది, ఇదంతా సుజాతే రాసి ఉంటుందా అని. సిగ్గుపడ్డాను. ఆ చేతిరాత నేను ఐదేళ్లు ఆఫీసు కార్ల రిజిస్టరులో రోజూ చూసింది.

నవల పుస్తకంగా వచ్చినప్పుడు అట్ట మీద ఇద్దరి పేర్లూ వేయించాను. ముందు మల్లేశం పేరు, తర్వాత నాది. అది న్యాయమో కాదో తెలియదు. ఇదంతా ఎలా జరిగిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

ఆ కథ తర్వాత కూడా నోట్‌బుక్‌లో నిండిన పేజీలున్నాయి. షెడ్డు నుంచి తిరిగొస్తూ ఆటోలో "ఇవి సుత చదువుతరా?" అని సుజాత అడిగింది. వద్దన్నాను. తనూ చదవలేదంది.

ఆ తర్వాత మూడు నవలలు రాశాను. ఒక్కోటి అచ్చయినప్పుడల్లా ఆమెకు ఫోన్ చేసి, తన దగ్గరున్న ఆ పేజీలు తెరిచి, ఇదీ అందులో ఉందేమో చూడమని అడగాలనిపిస్తుంది. ఫోన్ చేస్తాను కూడా. "చెప్పుండ్రి అన్నా," అంటుంది. వాళ్ల పాప చదువు ఎలా సాగుతోందని అడిగి పెట్టేస్తాను.