మామ కెమెరాకు కింది బటన్

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే నెత్తిమీద కనీసం పది తెల్లవెంట్రుకలైనా ఉండాలంటారు. నాకు రెండే ఉన్నాయి (మూడోది మా చెల్లెలు పీకేసింది). అయినా ఆశ కొద్దీ మొదలుపెడుతున్నాను. ఆ రోజుల్లో, అంటే ఏడెనిమిదేళ్ళ కింద, నా చదువు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఈ రెండింటి నడుమ దొరికే ఖాళీలో ప్రతి పిల్లగాడూ ఏదో ఒక కళాకారుడవుతాడు. మంచిర్యాల పక్కన మా బొగ్గుగని కాలనీలో ఒకడు షార్ట్ ఫిల్ములు తీశాడు, ఇంకొకడు ఏమీ తోచక గడ్డం పెంచాడు. నేను పాత రీలు కెమెరా పట్టుకున్నాను. చేతిలో ఫోను ఉండగా రీలు కెమెరా ఎందుకని ఎవరైనా అడిగితే కళ్ళు సగం మూసి, 'అందులో ఒక ఆత్మ ఉంటది' అనేవాణ్ణి. ఆ మాట ఎక్కడ చదివానో ఇప్పుడు గుర్తులేదు, దానికి అర్థం అప్పుడూ తెలియదు.

కెమెరా మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం) తమ్ముడిది, అంటే మా మేనమామది. కరీంనగర్‌లో ఆయనకు ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది, తర్వాత అదే ఫ్లెక్సీల దుకాణం అయింది. బీరువాలోంచి కెమెరా తీసి ఇచ్చినప్పుడు అది బడిపిల్లల టిఫిన్ డబ్బా అంత ఉంది, నేను కొంచెం డీలా పడ్డాను. అప్పుడు మామ ఇంకో అర లాగి నల్లటి దిమ్మె ఒకటి తీశాడు. దాన్ని బ్యాటరీ గ్రిప్ అంటారట. కెమెరా కింద మరతో బిగిస్తారు. లోపల ఆరు పెన్సిల్ సెల్లులు పడతాయి. కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకున్నప్పుడు మోచెయ్యి ఆకాశానికి లేపే పని లేకుండా, దానికి సొంతంగా ఇంకో బటన్ ఉంటుంది. బిగించి చూస్తే కెమెరా రెండింతలయింది, నా ఛాతీ కూడా.

"పెండ్లిళ్ళల్ల గిది కనవడ్డదంటే జనం జరిగి దారిచ్చేటోళ్ళు," అన్నాడు మామ. "కని జర జాగ్రత్త అల్లుడా. గీ కింది బటన్ పక్కన చిన్న మీట ఉన్నది చూడు. నడిచేటప్పుడు బంద్ పెట్టు. లేకుంటే నువ్వు ఊకున్నా అది ఊకోదు."

నేను గంభీరంగా తలూపాను. గని గేటు దగ్గర 'భద్రతే ముందు' అన్న బోర్డుల నడుమ పెరిగినవాణ్ణి, జాగ్రత్తలకు తలూపడంలో నాకు మంచి సాధన ఉంది.

ఆ కెమెరా తెచ్చింది ఉత్త సోకు కోసమే కాదు, ఒక పని మీద. ఆ నెలాఖరుకు మా బాపు గనిలోంచి రిటైర్ అవుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళు భూమి లోపల గడిపిన మనిషికి భూమి మీద ఒక్క మంచి ఫోటో లేదు. ఫోటో అనగానే బాపు బిగుసుకుపోతాడు. మెడ నిలబడుతుంది, పెదవులు మూతపడతాయి, కళ్ళు ఎవరో తిట్టినట్టు అవుతాయి. ఆధార్ కార్డులో, పెండ్లి ఫోటోలో, మా చెల్లెలి ఓణీల ఫంక్షన్‌లో, అన్నిట్లోనూ అదే ముఖం. మా అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి, "కొడుకా, ఒక్కటంటే ఒక్క ఫోటోల మీ బాపు మనిషి లెక్క పడాలె. గా ఒక్కటి తీస్తివా, నీకు నౌకరి లేదని నేను ఇంక ఒక్క మాట అన," అంది. అంతకన్నా పెద్ద కాంట్రాక్టు ఏ ఫోటోగ్రాఫర్‌కు దొరుకుతుంది?

మామ దగ్గర మిగిలింది ఒక్కటే నలుపు తెలుపు రీలు. ముప్పై ఆరు బొమ్మలు. "ముప్పై ఆరుల మా బావ ఒక్కటన్న మంచిగ వస్తడు తియ్యి," అని మామ ధైర్యం చెప్పాడు. మామ లెక్కల్లో ఎప్పుడూ వీకే.

మా దగ్గర రిటైర్‌మెంట్ అంటే పెండ్లి లాంటిదే, కాకపోతే పెండ్లికొడుక్కు మోకాళ్ళ నొప్పులుంటాయి. చివరి షిఫ్టు దిగి పైకి రాగానే తోటి కార్మికులు పూలదండలు వేసి, డప్పులతో ఊరేగిస్తూ క్వార్టర్ దాకా తీసుకొచ్చి భార్యకు అప్పజెప్పుతారు. (వస్తువు పాడవకుండా తిరిగి ఇచ్చామని చెప్పడానికేమో.) ఆ రోజు మధ్యాహ్నం బాపు టోపీకి ఉండే లైటును ల్యాంప్ రూంలో ఒప్పజెప్పి, స్నానం చేసి, కొత్త తెల్లబట్టల్లో బయటికి వచ్చాడు. కాళ్ళకు మాత్రం గని బూట్లే. అవ్వ కొన్న కొత్త చెప్పులు సంచిలోనే ఉన్నాయి. బూట్లలో ఒకదాని లేసు ఎప్పుడో తెగితే బాపు దానికి వైరు ముక్క కట్టుకున్నాడు, ఆ వైరు తెల్ల ప్యాంటు కింద దిక్కులు చూస్తోంది.

"బాపూ, చెప్పులేసుకో."

"అవి కరుస్తున్నయి రా. ఇంటి దాకా ఇయ్యే ఉండనియ్యి," అన్నాడు.

గేటు దగ్గర నాలుగు ఫోటోలు తీశాను. నాలుగింట్లోనూ బాపు ఆధార్ కార్డే. 'ఫికర్ లేదు, దారిలో దొరుకుతాడు' అనుకున్నాను. లెన్సును ముందే పది అడుగుల దూరానికి కుదిర్చి పెట్టాను. ఏ క్షణంలో నవ్వుతాడో తెలియదు కనుక కింది బటన్ మీటను బంద్ పెట్టలేదు. కళాకారుడు సిద్ధంగా ఉండాలి కదా. గ్రిప్పును కుడిచేత్తో బిగించి, కెమెరాను బిందెలా మోకాలి పక్కన వేలాడేసుకుని, ఊరేగింపుకు ముందు నడిచాను. "జరుగుండ్రి, జరుగుండ్రి, వెలుతురు ఆపకుండ్రి" అని దారిలో ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ అదిలిస్తూ, మంచి చోటు కోసం వెతుకుతూ, కిలోమీటరు పొడుగునా ముందుకే చూస్తూ పోయాను. నా వెనక డప్పులు అదిరిపోతున్నాయి. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు, ఇక కెమెరా శబ్దం ఏం వినపడుతుంది?

నేను వెతికిన మంచి చోటు చివరికి మా ఇంటి గడపే అయింది. అవ్వ హారతి పళ్ళెంతో నిలబడింది. బాపు మెట్టు ముందు ఆగాడు. అవ్వ ఆయన ముఖంలోకి చూసింది, బాపు మెడ కొంచెం వంగింది, పెదవి చివర ఏదో కదలబోయింది. ఇదే! కెమెరా నిలువుగా లేపి కింది బటన్ నొక్కాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. పై బటన్ నొక్కాను. అదీ అంతే. కౌంటర్ చూస్తే సున్నా. రీలు మొత్తం అయిపోయి, తనంతట తానే వెనక్కి చుట్టుకుని, డబ్బాలోకి వెళ్ళి పడుకుంది. నేను తీసింది నాలుగు. మిగతా ముప్పై రెండు ఎవరు తీశారు?

అప్పుడు నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను నాలుకను అంగిలికి ఆనించి "టక్" అన్నాను. అచ్చం కెమెరాలాగే వచ్చింది. దాంతో కాలనీ మొత్తం వరసలో నిలబడింది. గనిలో మా బాపుతో జతగా పనిచేసిన జోడీదారు ఒకాయన ఉండేవాడు, గొంతు పెద్దది కావడంతో ఆయన్ను సైరన్ కాక అనేవాళ్ళం. ఆయన మూడు అంగీలు మార్చి మూడుసార్లు దిగాడు. ఆ సాయంత్రం నేను నాలుకతో తీసిన ఫోటోలు నలభైకి తక్కువ ఉండవు. చివరి పదింటికి నీళ్ళు తాగి మరీ తీశాను.

టెంటు కింద తిండ్లు అవుతుండగా సైరన్ కాక బాంబు పేల్చాడు.

"వదినా, ఇయ్యాల మా అన్న ఎగిరిండు తెలుసా? డప్పు ముంగట చిందులేసుకుంట ఏమెగిరిండే!"

"ఎవరు? ఈయననా?" అవ్వ గరిటె ఆగిపోయింది.

"ఊకో రా, అబద్ధాలు," అన్నాడు బాపు. "నేనేంది, ఎగురుడేంది?"

"నీ తోడు వదినా. ఫోన్ తీసేటాలకు కట్టెలెక్క నిలవడ్డడు. ఫోన్ జేబుల పెడితే మళ్ళ షురూ!"

అవ్వ నావైపు తిరిగింది. "నువ్వు చూసినవా బిడ్డా?"

"నేను ముందట నడుస్తున్న కదనే."

"మరి ఫోటోల పడ్డడా?"

నలభై అబద్ధాలు నాలుకతో ఆడినవాడికి నలభై ఒకటోది బరువా? "పడకుంట ఎటు పోతడు?" అన్నాను. అవ్వ ముఖం వెలిగింది. నాకు అన్నం దిగలేదు (మటన్ మాత్రం దిగింది).

మర్నాడే కరీంనగర్ బస్సెక్కాను. మామ స్నానాలగదికి దుప్పటి కట్టి చీకటి చేసి, రీలు కడిగి, బట్టల క్లిప్పులతో దండేనికి వేలాడేశాడు. ఆరాక భూతద్దం పెట్టి ఒక చివర నుంచి మొదలుపెట్టాడు.

"అల్లుడా, నీకు చెప్పుల దుకాణం పెట్టే ఆలోచన ఏమన్న ఉన్నదా?"

నేనూ చూశాను. కాళ్ళు. మొదటి నాలుగు ఆధార్ కార్డులు తప్ప అన్నీ కాళ్ళే. స్లిప్పర్లు, రోడ్డు, ఒక మేక, డప్పు అంచు, మళ్ళీ రోడ్డు. కెమెరా నా మోకాలి పక్క నుంచి వెనక్కి చూస్తూ, నా అరచెయ్యి బిగిసినప్పుడల్లా ఒకటి తీసుకుంటూ పోయింది. మామ తిట్టడానికి నోరు తెరిచి, ఇరవై ఏడో బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఇంకోసారి చూశాడు. "గివి మా బావవే కదరా?" అని, జవాబు వినకుండా ఫోటో కాగితం కోసం బీరువా దగ్గరికి పోయాడు.

పెద్దగా కడిగించిన ఆ ఫోటోను తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. నడుము నుంచి కిందికే ఉంది, తల లేదు. రెండు నల్ల బూట్లు, రెండూ గాలిలోనే. కింద రోడ్డు మీద వాటి నీడ. తెల్ల ప్యాంటును ఒక చెయ్యి మోకాలి దగ్గర పైకి లాగి పట్టుకుంది, బొగ్గు ఇంకిన ఆ వేళ్ళు ఎంత స్నానం చేసినా తెల్లబడనివి. చుట్టూ స్లిప్పర్లన్నీ వెనక్కి జరిగి చోటిచ్చాయి.

"గివెవరి కాళ్ళు?" అంది అవ్వ.

బాపు ఒక్కసారి చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. "ఎవరివో. మంది మస్తుగున్నరు."

అవ్వ పెరట్లోకి వెళ్ళి బూట్లు తెచ్చి ఫోటో పక్కన పెట్టింది. వైరు ముక్క అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. బాపు చేతిలో పేపరు కొంచెం ఊగడం మొదలుపెట్టింది. అవ్వ దాన్ని కిందికి లాగేసరికి బాపు నవ్వుతున్నాడు, పళ్ళన్నీ కనపడేలా. నా చేతిలో కెమెరా లేదు. ఉన్నా, రీలు లేదు.

ఆ ఫోటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళు తల ఏదని అడిగితే "ముఖం ఆధార్ కార్డుల ఉన్నది, చూస్తారా?" అంటుంది అవ్వ. మాట ప్రకారం ఆ తర్వాత నౌకరి సంగతి ఎత్తలేదు, బాపు చేత అడిగించింది. సైరన్ కాక మాత్రం ఇప్పటికీ తన మూడు అంగీల ఫోటోల కోసం నన్ను మార్కెట్లో పట్టుకుంటాడు, నేను ఇప్పటికీ 'ల్యాబుల ఉన్నయి కాకా' అంటాను.

ఒక్కోసారి ఆ ఫోటో ముందు నిలబడితే, చట్రానికి అవతల, కెమెరా మోస్తూ ముందుకు పోతున్న ఆ పిల్లగాడు గుర్తొస్తాడు. ఆ రోజు ఊరేగింపులో మా బాపు ఎగరడం చూడనివాడు ఒక్కడే, ఫోటోగ్రాఫర్. ఒరేయ్, ఒక్కసారి వెనక్కి తిరిగితే నీ సొమ్మేం పోయేది అని అడగాలనిపిస్తుంది. కానీ తిరిగి ఉంటే కెమెరా లేపేవాడు, కెమెరా లేస్తే బాపు కాళ్ళు దిగేవి. అందుకే వాణ్ణి ఏమీ అనను. బాపుతో కలిసి ఎటైనా బయల్దేరినప్పుడు ఆ బరువు గ్రిప్పు ఉన్న కెమెరానే మోకాలి పక్కన వేలాడేసుకుని, రెండడుగులు ముందు నడుస్తాను. కింది బటన్ మీట మాత్రం ఇప్పటికీ బంద్ పెట్టను.